గిటారుకు గొంతు నిచ్చు పెట్టె

నిరుడు మన పాఠశాల వార్షికోత్సవమున జరిగిన యొక చిన్న సంగతి చాలమందికి జ్ఞాపకముండును. తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుడు వేదిక మీదికి వచ్చి ఎలక్ట్రిక్ గిటారు వాయింప నారంభించెను. తొలి తీగను మీటినంతనే సభాభవనములోని పెద్ద స్పీకర్లనుండి వెలువడినది సంగీతము కాదు. రేకుడబ్బాలో జొరబడిన కందిరీగ రొద. వెనుక వరుసలలోని పిల్లలు చెవులు మూసికొని నవ్విరి. బాలుడు పాటను సగములో నాపి, తల వంచుకొని వేదిక దిగిపోయెను. ఆనాడు ధ్వనియంత్రముల బల్లయొద్ద కూర్చుండినవాడను నేనే. నేనతనిని ఓదార్పకపోగా, "నాయనా, ఇంకను సాధన చేసి రావలసినది" అని మందలించితిని.

వారము దినములు గడచిన పిమ్మట ఆ బాలుడు తన గిటారును, దానితోడి చిన్న యంత్రమును సంచిలో పెట్టుకొని భౌతికశాస్త్ర ప్రయోగశాలకు వచ్చెను. "మాష్టారూ, దీనిని అమ్మివేయుదమని నాన్నగారితో చెప్పినాను. మా మేనమామగారి యింటిలో వాయించినప్పుడు బాగుగనే యుండును. సభలో నెందుకట్లయినదో తెలియలేదు. నా చేతిలోనే లోపమున్నదేమో" అని చెప్పెను. ఆ యంత్రమును కొనుటకు అతని తండ్రి రెండేండ్లపాటు డబ్బు కూడబెట్టెనని నాకప్పుడు తెలిసినది. ఒకచోట బాగుండి మరియొకచోట చెడుటకు చేతిలోని లోపము కారణము కానేరదు గదా! మేమిద్దరమును ఆ సాయంకాలము కూర్చుండి పరీక్షింపగా దోషము అతని చేతిలోను లేదు, యంత్రములోను లేదు. యంత్రమున నొక మీట ఆనాటి సభకు తగిన స్థితిలో లేకుండుటయే సర్వానర్థమునకును మూలమని తేలినది. ఆ మీట పేరు 'క్యాబ్'. అది యేమి చేయునో, దాని నెప్పుడు తెఱవవలెనో, యెప్పుడు మూయవలెనో చదువరులకు తెలియజెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మనకు పరిచితమైన వీణతో నారంభింతము. వీణతీగను రెండు మేకుల నడుమ బిగించి మీటినచో వినబడు ధ్వని మిక్కిలి సన్నము. ప్రక్కన నున్నవానికే సరిగా వినబడదు. సన్నని తీగ గాలిని కోసికొనిపోవునే గాని దానిని తగినంతగా కదలింపజాలదు. ఆ తీగయే గుఱ్ఱము మీదుగా పనసకఱ్ఱలో తొలిచిన కుండకు తన కదలికను అందించినప్పుడు కుండ పైపలకయు, లోపలి గాలియు కదలి నాదము పుట్టును. అయితే కుండ చేయు పని ధ్వనిని పెద్దది చేయుట మాత్రమే యని తలపరాదు. తీగ పంపిన కదలికలలో కొన్నింటిని అది హెచ్చించును, కొన్నింటిని అణచివేయును. కావున తీగ యదియే యైనను కుండ మారినచో గొంతు మారును. వీణ గొంతనగా సగము తీగ, సగము కుండ.

ఇక ఎలక్ట్రిక్ గిటారును చూడుడు. 1931-32 ప్రాంతమున అమెరికాలోని లాస్ ఏంజెల్సునందు రికెన్‌బ్యాకరు సంస్థవారు 'ఫ్రైయింగ్ ప్యాన్' అను ముద్దుపేరు గల విద్యుద్గిటారును తయారుచేసిరి. అందులో తీగలను చుట్టియుండునట్లు అయస్కాంతములను, తీగల క్రింద రాగితీగ చుట్టను అమర్చిరి. ఉక్కుతీగ కదలినప్పుడు ఆ చుట్టలో కొలది విద్యుత్తు పుట్టును. 1950లో కాలిఫోర్నియాలోని లియో ఫెండరు గట్టి చెక్కతో చేసిన గిటారును అమ్మకమునకు పెట్టెను. దానికి బోలు కడుపు లేదు. అనగా మన వీణకున్నట్టి కుండ లేదు. మరి దాని కుండ యెచ్చటనున్నది? గదికి అవతలి మూలనున్న స్పీకరు పెట్టెలో నున్నది. వాద్యము ఒకచోట, దాని కుండ వేరొకచోట! ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

స్పీకరు పనిచేయు విధమును మనవారు తరగతిలో చదివియే యున్నారు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టరు రైసు, ఎడ్వర్డు కెల్లాగు అనువారు ప్రకటించిన నిర్మాణమే నేటికిని ఆధారము. అయస్కాంతపు సందులో నొక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు గరాటు. చుట్టలో విద్యుత్తు ప్రవహించిన కొలదిని గరాటు ముందు వెనుకలకు కదలి గాలిని నెట్టును. గిటారు స్పీకరు సాధారణముగా 12 అంగుళములు గాని, 10 అంగుళములు గాని వ్యాసము గలది. అంత పెద్ద కాగితపు గరాటు మిక్కిలి శీఘ్రమైన ప్రకంపనములను అనుసరింపజాలదు. మనుష్యుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల ప్రకంపనములను వినగలదని చెప్పుదురు. సభాభవనములలోని పెద్ద స్పీకర్లు ఆ విస్తారములో నధికభాగమును వినిపింపగలవు. గిటారు స్పీకరు మాత్రము ఇంచుమించు 80కి దిగువను నీరసించును. 2,000 మొదలు 4,000 వరకు గల నడిమి భాగమును కొంత హెచ్చించి పలుకును. సుమారు 5,000 దాటగనే కొండచరియవలె నొక్కసారిగా పడిపోవును. సంగీతమును ఉన్నదున్నట్లు వినిపించు స్పీకరును చేయదలచువానికి ఇది పెద్ద లోపము. గిటారు వాయించువానికి ఇదియే యాభరణము. ఎందుచేతనో చెప్పెదను.

గిటారులోని మందరపు తీగను మీటినచో సెకనుకు సుమారు 82.4 ప్రకంపనములు గల స్వరము పుట్టును. దానితోపాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా అనుస్వరములు కూడ పుట్టుచుండును. మామూలుగా మీటినప్పుడు పై యనుస్వరములు క్రమముగా బలహీనమగుచుండును. కాని రాక్ సంగీతమున వాడు గరగరధ్వనికై ఆంప్లిఫయరును దాని శక్తికి మించి పనిచేయింతురు. అప్పుడు నునుపుగా నుండవలసిన తరంగముయొక్క శిఖరములు కత్తితో కోసినట్లు తెగిపోవును. తరంగమునందు పదునైన మూలలు పుట్టుటయనగా అసంఖ్యాకములైన పై యనుస్వరములు పుట్టుటయే. పదవ యనుస్వరము 824, ఏబదియవది 4,120, అరువదియవది 4,944, నూఱవది 8,240. గిటారు స్పీకరు సుమారు 5,000 దగ్గర తలుపు మూసివేయును గనుక అరువది వరకు లోనికి వచ్చును. ఆపైనున్న ముల్లువంటి ధ్వనులు బయటనే నిలిచిపోవును. చెవికి మిగులునది వెచ్చని గర్జన. ఆ తలుపు లేనప్పుడు ముండ్లన్నియు సభలోనికి వచ్చును. ఆనాడు మనము విన్న కందిరీగ అదియే.

స్పీకరు ఒక్కటియే గాక, దానిని బిగించిన పెట్టెయు ధ్వనిని మార్చును. గరాటు ముందునకు కదలినప్పుడు ఎదుటి గాలి నొక్కబడును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. పెట్టె వెనుకభాగము తెఱచియుండినచో వెనుకటి తరంగము అంచుల చుట్టును తిరిగి వచ్చి ముందటి తరంగముతో కలియును. మంద్రధ్వనులయందు ఈ రెండును ఒకదాని నొకటి కొంతవరకు రద్దుచేసికొనును. కావున తెఱచిన పెట్టె ధ్వని తేలికగా, గదినిండ వ్యాపించునట్లుండును. వెనుక మూసిన పెట్టె ధ్వని బిగువుగా, ఛాతీని తాకునట్లు ముందునకు వచ్చును. 1950 దశకమున ఫెండరువారు చేసిన 'బాస్‌మన్' అను యంత్రమున నాలుగు 10 అంగుళముల స్పీకర్లు తెఱచిన పెట్టెలో నుండెను. లండను నగరపు పశ్చిమ భాగమున హాన్‌వెల్ అనుచోట వాద్యముల దుకాణము నడిపిన జిమ్ మార్షల్ అను డోలు వాద్యకుడు 1962లో తన తోడివారితో కలిసి ఆ బాస్‌మన్ విద్యుత్ప్రణాళికనే చాలవరకు అనుసరించి ఒక ఆంప్లిఫయరును చేయించెను. కాని దానికి కూర్చిన పెట్టె వేఱు: వెనుక మూసినది, నాలుగు 12 అంగుళముల సెలెస్టియన్ స్పీకర్లు గలది. ఆ కాలపు స్పీకర్లలో నొక్కొక్కటి కొలది వాట్ల శక్తిని మాత్రమే భరింపగలదు. కావుననే నాలుగింటిని కలిపిరి. ప్రణాళికలు తోబుట్టువులవలె నుండినను, ఈ రెండింటి గొంతులు వేఱు. ఈ భేదమునకు ఇతర కారణములున్నను, పెట్టె యందులో ముఖ్యమైనది.

ఇంకొక సంగతి కలదు. మనలో ననేకులు గిటారును ఎదుట కూర్చుండి విన్నవారు కారు, రికార్డులలో విన్నవారు. రికార్డు చేయునప్పుడు పెట్టె యెదుట మైక్రోఫోనును ఉంచుదురు. 1965లో షూర్ సంస్థవారు వెలువరించిన 'ఎస్.ఎం. 57' అనునది ఈ పనికి నేటికిని విశేషముగా వాడబడుచున్నది. మైక్రోఫోనును గరాటు నడిబొడ్డున కెదురుగా పెట్టినచో ధ్వని పదునుగా నుండును. అంచువైపు కొలది అంగుళములు జరిపినంతనే మెత్తబడును. దగ్గఱగా పెట్టినచో మంద్రము హెచ్చును. దూరముగా పెట్టినచో గది పలుకును. కనుక మన చెవులకు 'గిటారు ధ్వని' యని యలవాటైనది నిజమునకు తీగ, ఆంప్లిఫయరు, స్పీకరు, పెట్టె, మైక్రోఫోను అను నైదింటి ఉమ్మడి సంతానము. వీనిలో చివరి మూడింటి పనిని కలిపియే నేటి యంత్రములలో 'క్యాబ్' అని చెప్పుచున్నారు.

ఇట్టి బరువైన పెట్టెలను మోయకయే ఆ ధ్వనిని పొందవలెనను కోరిక చిరకాలముగా నున్నది. 1982లో 'బోస్టన్' అను సంగీతబృందమునకు చెందిన టామ్ షోల్జ్ అనునతడు 'రాక్‌మన్' అను చిన్న యంత్రమును వెలువరించెను. అది నడుమునకు కట్టుకొనదగినంతటిది; హెడ్‌ఫోనులోనే పెద్ద పెట్టెవంటి ధ్వనిని వినిపించెను. 1989లో 'శాన్స్‌ఆంప్' అను మరియొక చిన్న పెట్టె వచ్చెను. దానిని మిక్సరునకు సూటిగా తగిలింపవచ్చును. ఇవి రెండును విద్యుద్వలయములచేతనే పై ధ్వనులను కోసి, నడిమి ధ్వనులను తీర్చిదిద్దినవి. పిమ్మట అంకెల యుగము వచ్చెను. 1998లో 'లైన్ 6' సంస్థవారి 'పాడ్' అను ఎఱ్ఱని, మూత్రపిండాకారపు యంత్రము పలువురి బల్లల మీదికి చేరెను. ఆంప్లిఫయరుయొక్కయు పెట్టెయొక్కయు ప్రవర్తనను గణితముచేత అనుకరించుట దాని పద్ధతి. ఇట్టి వానిని 'మోడలరు' లందురు. నేడు ఒక మోడలరులో పదులకొలది పెట్టెల ధ్వనులు ముందుగనే నింపియుండును.

పెట్టెను ఒక చిన్న యంత్రములో నింపుట యెట్లు? చెక్కయు కాగితమును అందులో పట్టవు గదా! ఇచ్చట నొక చక్కని యుపాయము కలదు. మీరు ఖాళీ సభాభవనమునకు పోయి ఒక్కసారి చప్పట్లు చఱచుడు. ఆ చప్పట్ల వెనుక నొక తోకవలె భవనముయొక్క ప్రతిధ్వని వినవచ్చును. చిన్నగదిలో అదే చప్పట్లకు వేఱొక తోక యుండును. అనగా క్షణకాలపు చప్పుడునకు ఒక స్థలమిచ్చు ప్రత్యుత్తరము ఆ స్థలముయొక్క సంతకము వంటిది. స్పీకరు పెట్టెకును అట్లే సంతకము కలదు. ఒక్క క్షణకాలపు విద్యుద్ఘాతమును స్పీకరునకు పంపి, దాని ప్రత్యుత్తరమును మైక్రోఫోనుచేత గ్రహించినచో ఆ పెట్టె, ఆ స్పీకరు, ఆ మైక్రోఫోను, అది యున్న స్థానము అన్నియు ఒక్క చిన్న రికార్డులో నిమిడిపోవును. దీనినే 'ఇంపల్స్ రెస్పాన్సు' అందురు. మనము ఘాతప్రత్యుత్తరమని చెప్పుకొనవచ్చును.

ఆచరణమున ఒక్క చప్పుడునకు బదులుగా మంద్రము మొదలు తారాస్థాయివరకు ఎడతెగక పైకి జాఱుచు పోవు ఈలవంటి ధ్వనిని స్పీకరుచేత పలికించి, పిమ్మట లెక్కచేసి అదే ప్రత్యుత్తరమును రాబట్టుదురు. క్షణకాలపు చప్పుడులో శక్తి తక్కువగుటచే గదిలోని రొద దానిని కప్పివేయవచ్చును. దీర్ఘమైన ఈలకు ఆ బాధ తక్కువ. ఈ పద్ధతిని ఇటలీదేశమున పార్మా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆంజెలో ఫరీనా 2000లో విశదముగా ప్రకటించెను. అతని పద్ధతిలో నొక మేలు కలదు: స్పీకరు కలిగించు వికృతధ్వనులు లెక్కలో ప్రత్యేకముగా విడిపోయి పక్కకు వచ్చును.

ఇక ఈ సంతకమును గిటారు ధ్వనిపై నెట్లు వేయుదురో చూతము. డిజిటల్ యంత్రము ధ్వనిని సెకనుకు 48,000 అంకెలుగా ముక్కలు చేయునని తలపుడు. ఆ యంకెలలో ప్రతిదియు నొక చిన్న చప్పట్లే. ప్రతి చప్పట్లును తన వెనుక పెట్టెయొక్క తోకను ఈడ్చుకొని రావలెను. పెద్ద యంకెకు పెద్ద తోక, చిన్న యంకెకు చిన్న తోక. ఇట్లు ఒకదానిపై నొకటి పడిన తోకలనన్నిటిని కూడినచో వచ్చు మొత్తమే, ఆ పెట్టెలోనుండి వాయించినచో మైక్రోఫోను వినియుండెడి ధ్వని. తోక పొడవు 2,048 అంకెలైనచో అది సుమారు 43 మిల్లీసెకనుల కాలము. 1,024 అంకెలైనచో సుమారు 21. 2,048 అంకెల తోకను ఇట్లు సూటిగా లెక్కించుటకు సెకనుకు 48,000 × 2,048, అనగా 9,83,04,000 గుణకారములు కావలెను. ఇది వినుటకు భయంకరముగా నున్నను, 1965లో కూలీ, టూకీ అను గణితజ్ఞులు ప్రకటించిన శీఘ్రగణన పద్ధతి వంటి వానిచేత ఈ శ్రమను మిక్కిలి తగ్గింపవచ్చును. మన బాలుని సంచిలోని చిన్న యంత్రము అతడు తీగ మీటిన ప్రతిసారియు ఇంతటి పనిని చేయుచున్నది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. సంతకము ఎప్పుడును మారదు. నిజమైన స్పీకరు మారును. మెల్లగా వాయించినప్పుడు కాగితపు గరాటు ఒక విధముగాను, బలముగా వాయించినప్పుడు మరియొక విధముగాను కదలును. అధికశక్తిచే తీగచుట్ట వేడెక్కి ధ్వని కొంత అణగును. ఇట్టి మార్పులు ఒక్క సంతకములో నిముడవు. మరియు సంతకము మైక్రోఫోను విన్నదే గాని, గదిలో నిలుచున్న మనుష్యుడు విన్నది కాదు. గదిలో పెట్టె ధ్వని నేలనుండి, గోడలనుండి మరలి వచ్చును; మనము తల త్రిప్పినచో మారును. హెడ్‌ఫోనులో ఆ యనుభవము దొరకలేదని కొందఱు వాద్యకులు నిరాశపడుదురు. వారు పొందుచున్నది గదిలోని గిటారు కాదు, రికార్డులోని గిటారు. ఈ భేదము తెలిసినచో యంత్రమును నిందింప నక్కఱలేదు.

ఇప్పుడు ముఖ్యమైన నియమమునకు వత్తము. వాద్యమునకు కుండ ఒక్కటే యుండవలెను. లేకపోయినను చెడు, రెండైనను చెడు. మోడలరును సభాభవనపు మిక్సరునకు గాని, హెడ్‌ఫోనునకు గాని, సంగీతమును ఉన్నదున్నట్లు వినిపించు స్పీకరునకు గాని తగిలించినప్పుడు ఆ మార్గములో గిటారు పెట్టె లేదు. కావున యంత్రములోని క్యాబును తెఱవవలెను. మోడలరును నిజమైన గిటారు ఆంప్లిఫయరునకు తగిలించి, దాని పెట్టెలోనుండి వినునప్పుడు కుండ అచ్చటనే యున్నది. కావున యంత్రములోని క్యాబును మూయవలెను. అట్లు మూయక రెండింటిని ఒకదాని వెనుక నొకటి వాడినచో నేమగును? ఒక పెట్టె 8,000 ప్రకంపనముల ధ్వనిని పదవవంతుకు తగ్గించుననుకొనుడు. రెండవ పెట్టె ఆ పదవవంతులో పదవవంతును మాత్రమే మిగుల్చును, అనగా నూఱవవంతు. నడిమి యెత్తులును రెండుసార్లు హెచ్చింపబడును. అప్పుడు గిటారు కంబళి కప్పుకొని మాటలాడుచున్నట్లు వినబడును.

మన బాలుని కథ యిప్పుడు స్పష్టమైనది. అతని మేనమామ యింట నొక చిన్న గిటారు ఆంప్లిఫయరు కలదు. మోడలరును దానికి తగిలించి సాధన చేయుచుండుటచే మేనమామ క్యాబును మూసియుంచెను. అది తెలివిగల పనియే. సభనాడు అదే యంత్రము, అదే స్థితిలో, సూటిగా మిక్సరునకు తగిలింపబడెను. ఇంట నొక్క కుండ యుండెను. సభలో నొక్కటియు లేదు. ప్రయోగశాలలో ఆ మీటను తెఱచి, మన చిన్న స్పీకరునందే వాయింపుమని చెప్పితిని. మొదటి స్వరము వినగనే అతడు చేయి ఆపి నా ముఖము చూచెను. ఇద్దఱికిని మాట రాలేదు.

ఇట్టి యంత్రములు కొన్నవారికి మరికొన్ని సూచనలు చేసెదను. పెట్టెల పట్టికలో '4×12', '2×12', '1×12' అను గుర్తులుండును. మొదటి యంకె స్పీకర్ల సంఖ్య. రెండవది అంగుళములలో వాని వ్యాసము. ఇతరుల వ్యాపారచిహ్నములను వాడరాదు గనుక తయారీదారులు పలుచోట్ల మాఱుపేర్లు పెట్టుదురు. పేరునకు మోసపోక చెవితో ఎన్నుకొనవలెను. ఆంప్లిఫయరు మీటలను త్రిప్పి త్రిప్పి విసుగెత్తుటకంటె ముందుగా పెట్టెను మార్చి చూడుడు. ఒక్క మార్పుచేతనే గొంతు పూర్తిగా మారుట వినగలరు. ఇంకను ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నచో 5,000 మొదలు 8,000 లోపల నొకచోట పై ధ్వనులను కోయుడు. గుమగుమలాడుచున్నచో 80 మొదలు 100 దగ్గఱ క్రింది ధ్వనులను కోయుడు. రెండు మైక్రోఫోనులను కలుపు సౌకర్యమున్నచో జాగ్రత్త. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. కావున 1,000 ప్రకంపనముల ధ్వనికి తరంగదైర్ఘ్యము సుమారు 34 సెంటీమీటర్లు. రెండు మైక్రోఫోనుల దూరములలో అందులో సగము, అనగా 17 సెంటీమీటర్ల భేదమున్నచో ఆ ధ్వని ఒకదానిలో ఉబ్బినప్పుడు రెండవదానిలో అణగి, కలిసినప్పుడు రద్దగును. క్రొత్తవారికి ఒక్క మైక్రోఫోనే మేలు.

కడపటి సూచన సభలో వాయించువారికి. 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచరు, మన్సను అనువారు చెవి స్వభావమును గూర్చి ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ధ్వని మెల్లగా నున్నప్పుడు మన చెవికి మంద్రధ్వనులు మిక్కిలి తక్కువగా వినబడును. మిక్కిలి పై ధ్వనులును కొంత తగ్గును. ధ్వనిని పెంచినకొలది అవి ముందునకు వచ్చును. ఇంటిలో పక్కవారు నిద్రించుచుండగా మెల్లగా వాయించుచు ఇంపుగా తీర్చుకొన్న గొంతు, సభలో పెద్దదైనప్పుడు దద్దరిల్లుటకు ఇదియు నొక కారణము. కావున సభకు ముందు సభాభవనముననే, సభలో నుండు బిగ్గఱతోనే యొక్కసారి వాయించి మీటలను సరిచేసికొనవలెను.

ఈ సంవత్సరము ఉపాధ్యాయ దినోత్సవమున ఆ బాలుడు మరల వేదిక నెక్కెను. గిటారు అదియే, యంత్రము అదియే, మిక్సరు అదియే. సాధనయు నిరుటికంటె మిక్కిలి హెచ్చినది కాదని తానే నాతో చెప్పెను. ఈసారి వెనుక వరుసలవారు నవ్వలేదు. పాట ముగిసిన పిమ్మట ఆఱవ తరగతి పిల్లలు కొందఱు వేదికయొద్దకు పరుగెత్తి, ఆ తీగల నొక్కసారి ముట్టుకొననిమ్మని అతని నడిగిరి. యంత్రమును అమ్మవలెనను మాట యిప్పుడు వారి యింట లేదు.

ఇందులో నా వంతు అప్పు ఒకటి మిగిలియున్నది. సభలో నలుగురు వినుచుండగా మందలించిన మాటను నలుగురు చదువు ఈ పత్రికలోనే ఉపసంహరించుకొనుట న్యాయము. ఆ బాలుని చేతిలో దోషము లేదు. కారణమడుగక తీర్పు చెప్పిన నాయందే యుండెను. ఇప్పుడు మన ధ్వనియంత్రముల బల్లకు నేనొక కాగితపు ముక్కను అతికించియున్నాను. ఆ బల్లయొద్ద కూర్చుండబోవు విద్యార్థులు దానిని చింపకుందురు గాక. దానిమీద వ్రాసినది రెండే మాటలు: "కుండ యున్నదా? ఒక్కటేనా?"